కృష్ణగిరి దుర్గము: మన గొప్పయు, మన బాధ్యతయు

మన వార్షికోత్సవములలో ఒక వాక్యము తప్పక వినబడును: "ఈ కోటలు మన రాయలవారు కట్టించినవి." సభ చప్పట్లు కొట్టును. వక్త కూర్చుండును. మరునాడు కోట సంగతి ఎవరికిని జ్ఞాపకముండదు. ఈ అలవాటును గూర్చి నాలుగు మాటలు నిష్ఠురముగనే చెప్పదలచినాము. పరులను నిందించుటకు కాదు. ఈ నింద మొదట మాకే తగులును.

కృష్ణగిరిలో పుట్టి పెరిగిన మనలో ఎందరు ఆ కొండనెక్కినారు? హోసూరులో ఇండ్లు కట్టుకొన్నవారిలో ఎందరు రాయకోట దుర్గమును చూచినారు? బస్సు కిటికీనుండి చూచుట చూచుట కాదు. ఇటీవల మేము కొందరము పిల్లలను వెంటబెట్టుకొని కృష్ణగిరి దుర్గమునకు పోయితిమి. రాతిమెట్లమీద ఒక పిల్లవాడు, "ఈ గోడ ఎవరికి భయపడి కట్టినారు తాతా?" అని అడిగెను. "రాయలవారు కట్టించినారు నాయనా" అంటిమి. "ఎవరు కట్టించినారని కాదు తాతా, ఎవరికి భయపడి అని అడిగితిని" అని వాడనెను. మాకు నోట మాట లేకపోయెను.

ఆ జవాబు చరిత్రలో లేకపోలేదు. మనము వెదకలేదు, అంతే. పెనుగొండను శత్రువులనుండి కాపాడిన జగదేవరాయలకు ఈ సీమ లభించెను. ఆయన పేర జగదేవి గ్రామము నేటికిని ఉన్నది. పండ్రెండు దుర్గముల సీమ గనుక బారామహలను పేరు కలిగెనందురు. పిమ్మట ఇది మైసూరువారి వశమై, హైదరు, టిప్పుల ఏలుబడిలో ఇంగ్లీషువారికి ఎదురు నిలిచెను. 1791 జూలైలో రాయకోట ఇంగ్లీషువారి చేజిక్కెను. ఆ నవంబరులో కర్నల్ మాక్స్‌వెల్ కృష్ణగిరి పేటను పట్టుకొనగలిగెను గాని, పైకోటను పట్టుకొనలేక వెనుదిరిగెను. ఆ దాడికి లొంగని కోట 1792లో శ్రీరంగపట్టణపు సంధిపత్రమునకు లొంగి కంపెనీ పాలాయెను.

తరువాత అలెగ్జాండర్ రీడ్, అతని సహాయకుడైన తామస్ మన్రో ఈ సీమ పొలములను కొలిపించి, రైతువారీ పద్ధతికి రూపము కల్పించిరి. ఆ మన్రోయే పిదప దత్తమండలములకు కలెక్టరు ఆయెను. రాయలసీమవారు తమ బిడ్డలకు ఆయన పేరు పెట్టుకొన్నారు. ఆయన ఆ పని నేర్చిన నేలమీద కాపురముండు మనకు మాత్రము ఆ ముచ్చట తెలియదు!

రాయలవారిది గనుక కోట మనదనుట సరియైన వాదము కాదు. అట్లయిన టిప్పు పేరు చెప్పి మరియొకరు, కంపెనీ పేరు చెప్పి ఇంకొకరు దానిని తమదనవచ్చును. ఆ కొండమీదనే దర్గా ఉన్నది. జనులు దానిని సయ్యద్ బాషా కొండయందురు. హోసూరు కన్నడపు పేరు, ఉన్నది తమిళనాడు, మన ఇండ్లలో పలుకు తెలుగు. ఈ కలయికయే ఈ సీమ సొత్తు. కోట దానిని తెలిసికొని కాపాడినవారిది. ఆ పరీక్షలో మనము నెగ్గినామా?

"పాఠశాలలో మన భాషకే చోటు కరవైనప్పుడు రాళ్లతో ఏమి పని?" అని కొందరు పెద్దలు అడుగుదురు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము వచ్చినది మొదలు మాతృభాషా బోధనకై భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానముల మెట్లెక్కవలసివచ్చెను. ఆ పోరాటము న్యాయమైనది. దానిని మేము తక్కువ చేయము. కాని న్యాయస్థానము తెలుగు పుస్తకమును ఇప్పించగలదు. దానిని చదువవలెనను కోరికను ఇప్పించలేదు. తన ఊరి కొండకథ తెలుగులో విన్న బిడ్డకు ఆ కోరిక తానే పుట్టును.

దూరదేశపు ఉదాహరణ ఒకటి చెప్పెదము. ఫ్రాన్సులోని బ్రిటనీ సీమలో సముద్రతీరమున సాంమాలో అను ప్రాకారనగరము కలదు. 1944 ఆగస్టు యుద్ధములో గోడల లోపలి ఊరు చాలభాగము బూడిదయ్యెను. ఆ జనులు "మా పూర్వులు గొప్పవారు" అని సభ చేసి ఊరుకొనలేదు. పాత పోలికలు చెడకుండ పట్టణమును తిరిగి కట్టుకొనిరి. ఆ బ్రిటనీ పశ్చిమభాగమున వాడుకలోనున్న బ్రెటన్ భాషను బడిలో మాటాడిన పిల్లలను దండించిన కాలము ఒకటి ఉండెను. 1977లో ఆ భాషాభిమానులు దివాన్ అను పేర తమ బడులను తామే ప్రారంభించిరి. రాతిని కాపాడుటకు భాషయు, భాషను కాపాడుటకు రాయియు అక్కడ అడ్డురాలేదు.

ఇక మన సంగతి. దుర్గపు గోడలపై మేకుతో గీసిన పేర్లలో తెలుగు పేర్లును కనబడినవి. సిగ్గుతో తల వంచుకొంటిమి. తెలుగు అక్షరము వ్రాయుటకు మనకు దొరికిన స్థలము ఇదియేనా? కృష్ణగిరి, రాయకోట దుర్గములు కేంద్ర పురావస్తుశాఖ రక్షణలోనివి. 1958 నాటి చట్టము ప్రకారము వాటిని పాడుచేయుట శిక్షార్హము. 2010 సవరణ వాటి చుట్టు నూరు మీటర్ల లోపల కొత్త కట్టడములను నిషేధించినది. చట్టమున్నది; కాపలా కాయవలసిన కన్నులు మనవి.

కావున సంఘ పెద్దలకు మా విన్నపమిది. ఏటేట ఒక దినమున పిల్లలతో ఒక్కొక్క దుర్గమునెక్కుడు. ఎక్కుటకు ముందు మీరు చదువుకొనుడు. ఇరుగుపొరుగు తమిళులను, కన్నడిగులను, ముస్లిములను తోడు పిలిచి, వారి పెద్దలు చెప్పుకొను కథలను కూడ వ్రాసికొనుడు. పొలముగట్లమీది వీరగల్లులను, ఇంటి అటకమీది పాత దస్తావేజులను పాడుగాకుండ చూడుడు. వచ్చు సంచికలో రాయలవారి స్తుతిని ఒక పుట తగ్గించి, ఆ పుటను పిల్లలకిండు. "ఈ గోడ ఎవరికి భయపడి కట్టినారు?" అను ప్రశ్నకు వారే జవాబు వ్రాయుదురు గాక! గోడమీద కాదు, కాగితముమీద, తెలుగులో.