ఎయిడ్స్ మృతులకు ప్రజా స్మారకం కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి గారికి,

విషయం: ఎయిడ్స్‌తో మరణించినవారికి విజయవాడలో స్మారకం నిర్మించాలని వినతి.

అయ్యా,

మేము హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లం, ఎయిడ్స్ వల్ల అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లం.

2004 ఏప్రిల్ 1న హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులను కేంద్రం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, హెచ్‌ఐవీ తీవ్రత ఎక్కువగా ఉందని గుర్తించిన ఆరు రాష్ట్రాల్లో మనది ఒకటి. ఆ మందులే మమ్మల్ని బతికించాయి. అవి అందకముందే పోయినవాళ్లు ఎందరో. ఆ ఇళ్లలో కొన్నింట పాడె మోయడానికి నలుగురు దొరకలేదు, దినానికి చుట్టాలు రాలేదు. టీబీతో పోయారనో, కామెర్లతో పోయారనో ఊరికి చెప్పుకున్నాం. పదిమందిలో వారి పేరు తలుచుకుని ఏడ్చే వీలు మాకు దక్కలేదు.

1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో ఎయిడ్స్ స్మారక బొంతను పరిచారు. ఒక్కొక్కటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున, సమాధి కొలతతో, మృతుల ఆప్తులు కుట్టిన 1,920 గుడ్డలు అందులో ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులోని స్మారక వనాన్ని 1996లో అమెరికా ప్రభుత్వం జాతీయ స్మారకంగా గుర్తించింది. న్యూయార్క్‌లో 2016లో మరొకటి వెలిసింది. అంతటి దుఃఖం చూసిన మన గడ్డ మీదా అలాంటి చోటు ఉండాలి.

కాబట్టి మా కోరికలు:

1. స్మారకాన్ని ఆసుపత్రి ఆవరణలో కాకుండా, అందరూ తిరిగే పార్కులో కట్టాలి. అక్కడైతే లోపలికి వెళ్లినవారిని ఎవరూ వేలెత్తి చూపరు.

2. రాతపూర్వక సమ్మతి లేకుండా ఏ పేరూ రాయకూడదు. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం గోప్యతకు రక్షణ ఇస్తోంది. భర్త పేరు కనబడితే భార్యాపిల్లల గురించి ఊరు ఆరా తీస్తుంది. ఇంటిపేరు లేకుండా, ముద్దుపేరుతో, లేదా ఏ పేరూ లేకుండా కూడా చోటివ్వాలి. తర్వాత వద్దనుకుంటే తీసేందుకు వీలుగా పలకలు విడివిడిగా ఉండాలి.

3. పుట్టింటివారు వెలివేసిన ట్రాన్స్‌జెండర్లు, సెక్స్ వర్కర్ల విషయంలో వారితో కలిసి బతికినవారినే కుటుంబంగా పరిగణించాలి. హిజ్రాల్లో గురువు లేదా చేలా (శిష్యురాలి) సమ్మతి ఉంటే సరిపోవాలి. వారు ఏ పేరుతో బతికారో ఆ పేరే రాయాలి.

4. పాత చీరలతో బొంత కుట్టడం మన ఆడవాళ్లకు తెలిసిన పని. మృతుల బట్టలతో మేము కుట్టే బొంతలను భద్రపరిచి, ప్రదర్శించేందుకు అక్కడ ఒక గది కేటాయించాలి.

5. పుర్రెలు, ఎముకల బొమ్మలు, భయపెట్టే నినాదాలు ఎక్కడా ఉండకూడదు. క్రమం తప్పక మందులు వాడి, రక్తంలో వైరస్ కనబడని స్థాయికి తగ్గినవారి నుంచి లైంగికంగా హెచ్‌ఐవీ సోకదన్న నిజాన్ని తెలుగులో రాయాలి.

6. అనేక దేశాల్లో జరిగినట్టే మే నెల మూడో ఆదివారం ప్రభుత్వం అక్కడ సంస్మరణ సభ జరపాలి.

7. నిర్మాణ కమిటీలో సగానికి పైగా హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు, మృతుల కుటుంబీకులు ఉండాలి.

8. నిర్వహణకు ఏటా బడ్జెట్‌లో విడిగా నిధులివ్వాలి. మందులు, పింఛన్ల సొమ్ములో ఒక్క రూపాయి కూడా ఇటు మళ్లించకూడదు.

చనిపోయినవారికి ఈ గౌరవం దక్కితే, బతికున్న మాపై వేసిన నింద కూడా తగ్గుతుందని మా నమ్మకం. స్థలం ఎంపికకు అధికారిని నియమించి, మాతో చర్చలకు తేదీ ఖరారు చేయాలని వేడుకుంటున్నాం.

ఇట్లు,
హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు,
ఎయిడ్స్ మృతుల కుటుంబీకులు