జనరల్ సీటు ఎవడి జాగీరూ కాదు

ఎన్నికలొచ్చినప్పుడల్లా వాడల్లో ఒక మాట వినబడుతుంది. "అది జనరల్ సీటు, అక్కడ మనోళ్లకేం పని?" అని. ఈ మాట దొర అంటే అర్థముంది, వాడికది లాభం. కానీ మన నోటితో మనమే అంటున్నాం. మన కులపెద్దలంటున్నారు. కండువాలు మోసే మన పిల్లలంటున్నారు. ఊరు వాళ్లది, వాడ మనది అని గీత గీసినట్టే, జనరల్ సీటు వాళ్లది, రిజర్వుడు సీటు మనది అని ఇంకో గీత గీశారు. మనం దాన్ని దాటకుండా కూర్చున్నాం.

రాజ్యాంగంలో ఆ గీత లేదు. 332వ అధికరణం శాసనసభల్లో ఎస్సీ, ఎస్టీలకు సీట్లు కేటాయించింది. మిగిలినవాటిని రెడ్లకని, వెలమలకని, కమ్మలకని ఎక్కడా రాయలేదు. తెలంగాణలో 119 సీట్లుంటే 19 ఎస్సీలవి, 12 ఎస్టీలవి. మిగిలిన 88 అందరివీ. ఆంధ్రప్రదేశ్‌లో 175కు 29 ఎస్సీలవి, 7 ఎస్టీలవి. మిగిలిన 139 అందరివీ. రెండూ కలిపితే 227 సీట్లు. ఆ 227 చోట్లా మన వాడలున్నాయి, మన ఓట్లున్నాయి. ఓటేయడానికి పనికొచ్చిన వాళ్లం నిలబడడానికి ఎందుకు పనికిరాం?

ఈ ప్రశ్నను 2023లో పాలమూరు గడ్డ మీద ఒక ఆడబిడ్డ అడిగింది. కొల్లాపూర్ జనరల్ సీటు. కర్నె శిరీష, జనం పిలిచే పేరు బర్రెలక్క. దళిత బిడ్డ. డిగ్రీ చదివినా కొలువు రాలేదని, బర్రెలు కాసుకుంటున్నానని ఫోన్‌లో ఒక చిన్న వీడియో చేసి జనం నోళ్లలో పడ్డ మనిషి. టీఎస్‌పీఎస్సీ పేపర్ల లీకేజీ బయటపడి గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయిన ఏడాది అది. నిరుద్యోగుల గోస చెప్పడానికి స్వతంత్ర అభ్యర్థిగా విజిల్ గుర్తు మీద నిలబడింది. నవంబరులో ప్రచారంలో ఉండగా ఆమె సోదరుడి మీద దాడి జరిగింది. రక్షణ కల్పించాలని హైకోర్టు పోలీసులకు చెప్పాల్సి వచ్చింది. నామినేషన్ వేసిన ఒక దళిత యువతి ఊళ్లలో తిరగడానికి కోర్టు మెట్లెక్కాల్సి వచ్చిందంటే, జనరల్ సీటు అనే మాటకు ఈ దేశంలో అసలర్థం ఏమిటో వేరే చెప్పాలా?

డిసెంబరు 3న లెక్క తేలింది. ఆమెకు 5,754 ఓట్లు. నాలుగో స్థానం. డిపాజిట్ దక్కలేదు.

అప్పుడు రెండు రకాల మాటలు పుట్టాయి. ఒకటి ఎగతాళి: బర్రెలు కాసుకోక ఎన్నికలెందుకు అని. దానికి మేం జవాబు చెప్పం. బర్రె పాలు తాగి, బర్రె కాసేవాళ్లను ఎక్కిరించేవాడికి జవాబు అక్కర్లేదు. రెండోది పొగడ్త: ఓడినా గెలిచింది, చరిత్ర సృష్టించింది అని. ఈ పొగడ్త కూడా మనకు పనికిరాదు. ఓటమి ఓటమే. ఎందుకు ఓడామో లెక్కలు తీయాలి. ఫోన్లలో ఆమెను లక్షలమంది చూశారు. వాళ్లలో కొల్లాపూర్ ఓటర్లు ఎంతమంది? మెచ్చుకున్న చేతికీ బటన్ నొక్కే చేతికీ మధ్య పెద్ద అగడ్త ఉంది. ఆ అగడ్త మీద వంతెన వేయాల్సింది సంఘం. ఊరూరా సంఘం లేకుండా నిలబడిన అభ్యర్థి ఎంత ధైర్యవంతురాలైనా ఒంటరి మనిషే.

ఆ అగడ్తలో మొదటిది భయం. మన వాడల్లో ఓటు రహస్యమని ఎవరూ నమ్మరు. నమ్మకపోవడానికి కారణముంది. బ్యాలెట్ పెట్టెల కాలంలో వేరువేరు బూత్‌ల కాగితాలను కలిపి లెక్కపెట్టే వీలుండేది. ఓటింగ్ మిషన్లు వచ్చాక ప్రతి మిషన్‌నూ విడిగా లెక్కపెడతారు. ఫారం 20లో బూత్ వారీగా ఎవరికెన్ని పడ్డాయో రాస్తారు. వాడకు ఒకటే బూత్ ఉంటే, వాడ ఎటు పోయిందో సాయంత్రానికల్లా దొర చేతిలో కాగితం ఉంటుంది. తెల్లారి కూలికి పిలుపు రాదు. ఇంటి జాబితాలో పేరుండదు. బూత్‌ల ఓట్లను కలిపి లెక్కించే టోటలైజర్ యంత్రం కావాలని ఎన్నికల సంఘమే 2008లో ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో అదే చెప్పింది. అది ఇంకా అమలుకు రాలేదు. ఎవరికి నష్టమో వాళ్లు అడగనంత కాలం అది రాదు. మనం అడగాలి.

రెండోది "ఓటు చెడిపోతది" అనే మాట. గెలవనోడికి వేస్తే ఓటు మురిగిపోతదంటారు. మరి గెలిచినోడికి వేసిన ఓట్లేమయ్యాయి? ఇన్నేండ్లుగా గెలిచేవాళ్లకే వేస్తున్నాం గదా. శ్మశానానికి జాగా వచ్చిందా? అసైన్డ్ భూమి చేతిలో ఉందా? ఐదొందలకు, సీసాకు పోయిన ఓటు చెడిపోలేదా?

రిజర్వుడు సీట్లు ఉన్నాయి గదా, జనరల్ ఎందుకు అని అడిగే వాళ్లకు చరిత్ర చెప్పాలి. 1932 ఆగస్టులో వచ్చిన కమ్యూనల్ అవార్డు అంటరాని కులాలకు ప్రత్యేక నియోజకవర్గాలిచ్చింది. అంటే మన ప్రతినిధిని మన ఓటే ఎన్నుకునేది. గాంధీ ఎరవాడ జైల్లో నిరాహారదీక్ష చేశారు. సెప్టెంబరు 24న పూనా ఒడంబడిక జరిగింది. రాష్ట్ర శాసనసభల్లో సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి, కానీ ఎన్నుకునే చెయ్యి మనది కాకుండా పోయింది. అందరూ ఓటేసే ఉమ్మడి నియోజకవర్గంలో అగ్రకులాలకు ఎవరు నచ్చితే వాళ్లే గెలిచే పద్ధతి వచ్చింది. దాని ఫలితం బాబాసాహెబే అనుభవించారు. రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడైన మనిషి మొదటి లోక్‌సభ ఎన్నికల్లో బొంబాయిలో ఓడిపోయారు. 1954లో భండారా ఉప ఎన్నికలోనూ ఓడిపోయారు. బొంబాయిలో ఆయన్ని ఓడించింది కాంగ్రెస్ నిలబెట్టిన మన కులాల మనిషే. కాబట్టి రిజర్వుడు సీటులో కూర్చున్న ప్రతివాడూ మనవాడు కాడు. టికెట్ ఇచ్చినవాడి గుమ్మం ముందు చేతులు కట్టుకునేవాడు మన సమస్యల మీద గొంతెత్తలేడు.

అట్లాగని రిజర్వుడు సీట్లు వద్దని మేం అనడం లేదు. అవి మన హక్కు, వదిలేది లేదు. అవి మన హద్దు మాత్రం కాదు అంటున్నాం.

గుర్తును నమ్మి మోసపోవద్దని కూడా అంటున్నాం. 2014లో తెలంగాణలో ఏనుగు గుర్తు మీద ఇద్దరు గెలిచారు. నిర్మల్‌లో ఇంద్రకరణ్ రెడ్డి, సిర్పూర్‌లో కోనేరు కోనప్ప. ఇద్దరూ ఆ తర్వాత టీఆర్ఎస్‌లో చేరారు. నీలి జెండా కట్టింది వాడ, ఏనుగెక్కింది వేరేవాళ్లు. అదే సిర్పూర్ జనరల్ సీటులో 2023లో అదే ఏనుగు గుర్తు మీద ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ నిలబడి ఓడిపోయారు. 2024లో ఆయన కూడా బీఆర్ఎస్‌లో చేరారు. ఎవరి కారణాలు వాళ్లకుంటాయి. మనకు మిగిలిన పాఠం ఒకటే: పైనుంచి దిగిన అభ్యర్థి పైకే పోతాడు. కిందినుంచి లేచిన అభ్యర్థి కిందివాళ్లకు జవాబు చెప్పుకోవాల్సి ఉంటుంది.

అందుకే స్థానిక అభ్యర్థి కావాలంటున్నాం. స్థానికుడంటే ఓటరు లిస్టులో పేరున్నవాడు మాత్రమే కాదు. పోలీస్ స్టేషన్‌లో మనవాణ్ని కొట్టినప్పుడు రాత్రిపూట వచ్చి నిలబడ్డాడా? కూలి రేట్ల గొడవలో ఎటువైపున్నాడు? మాల మాదిగల మధ్య తగవు పెట్టి బతికాడా, తగవు తీర్చాడా? ఇంట్లో ఆడవాళ్ల మాటకు విలువిస్తాడా? ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపిన తర్వాత ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించింది ఉద్యమం. ఏ ఎమ్మెల్యే దయా కాదు. 2007లో ఆ కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు కొట్టేసింది. పోరాటం లేని సీటు మనల్ని మరిచిపోతుంది. సీటు లేని పోరాటం ప్రతిసారీ ఇంకొకడి గడప తొక్కాల్సి వస్తుంది. రెండూ కావాలి.

ఒంటి కులంతో జనరల్ సీటు రాదు. మాలలు, మాదిగలు, ఉపకులాలు ముందు ఒక చాప మీద కూర్చోవాలి. వర్గీకరణ చదువులకు, ఉద్యోగాలకు సంబంధించినది. దాని మీద వాదించుకోండి, కానీ దాన్ని ఓటు దాకా లాగి దొరకు అప్పజెప్పకండి. ఆ తర్వాత చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల, గౌడ, ముస్లిం ఇళ్లకు పోవాలి. వాళ్ల బాధ మన కరపత్రంలో ఉండాలి. అప్పుడే వాళ్ల ఓటు మన పెట్టెలో ఉంటుంది.

పని ఇవాళే మొదలుపెట్టాలి. నామినేషన్ వేయడం దొరల విద్య కాదు. అసెంబ్లీకి డిపాజిట్ 10 వేలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థికి 5 వేలే, జనరల్ సీటులో నిలబడినా అంతే. స్వతంత్ర అభ్యర్థికి ఆ నియోజకవర్గపు ఓటర్లు పదిమంది ప్రతిపాదించాలి. ఆ పదిమందినీ పది ఊళ్ల నుంచి, అన్ని కులాల నుంచి ఎంచుకోండి. ప్రతి బూత్‌కూ ఏజెంటును తయారుచేయండి. పోలింగ్ ముగిశాక అధికారి దగ్గర 17సి ఫారం నకలు తీసుకోవాలని వాళ్లకు ముందే నేర్పండి. ఖర్చుకు ఇంటికింత అని చందా వేయండి. చందా ఇచ్చినవాడు ఓటు అమ్ముకోడు.

బెదిరిస్తే చట్టముంది. 1989 అత్యాచార నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఎల్) ప్రకారం ఎస్సీ, ఎస్టీ మనిషిని ఫలానావాడికే ఓటేయమని బలవంతపెట్టినా, నామినేషన్ వేయనివ్వకపోయినా, ఉపసంహరించుకోమని బెదిరించినా, మన అభ్యర్థిని ప్రతిపాదించకుండా అడ్డుకున్నా నేరం. 3(1)(ఎన్) ప్రకారం ఓటేసినందుకు ఎన్నికల తర్వాత కొట్టినా, సాంఘిక బహిష్కరణ చేసినా నేరం. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు. ఈ రెండు సెక్షన్లూ ప్రతి వాడ గోడ మీద రాయండి. చదువురాని వాళ్లకు చదివి వినిపించండి.

5,754 మంది కొల్లాపూర్‌లో భయాన్ని దాటారు. వాళ్ల వెనక సంఘం లేదు, పైసలు లేవు. సంఘం ఉంటే ఆ లెక్క ఎక్కడిదాకా పోతుందో చూపించాల్సిన బాధ్యత మనది. మళ్లీ ఎన్నికలొచ్చేసరికి ప్రతి వాడలో ఈ చర్చ జరగాలి. ఎవరికి ఓటేద్దాం అని కాదు, ఎవరిని నిలబెడదాం అని.

జై భీం!