వేప ఎండినదని గొడ్డలి ఎత్తకండి

వానాకాలం నడుమ మీ పొలం గట్టుమీది వేపచెట్టు వైపు ఒకసారి తలెత్తి చూడండి. చుట్టూ ఉన్న చింత, కానుగ, రావి పచ్చగా ఉండగా, వేప ఒక్కటే కొమ్మల చివరలనుండి గోధుమరంగుకు తిరిగి, నిప్పుసెగ తగిలినట్లు మాడి కనిపించవచ్చును. అప్పుడు మన మనస్సులో పుట్టే మొదటి మాట “చెట్టు చచ్చినది” అని. రెండవ మాట “కొట్టివేద్దాము, కట్టెయైనా చేతికి వస్తుంది” అని. మొదటి మాట సాధారణంగా పొరపాటు. రెండవది అంతకంటె పెద్ద పొరపాటు. ఎందువల్లనో మనవి చేస్తాను.

2021వ సంవత్సరం వానాకాలంలో తెలంగాణలోని అనేక జిల్లాలలో వేపచెట్లు ఈ విధంగానే ఎండినవి. ఊరి నడుమ రచ్చబండ వద్ద, పోచమ్మ గుడి ముందు, బాటల వెంట, ముసలి చెట్టు లేదు పడుచు చెట్టు లేదు, అన్నింటి చిగుళ్ళూ మాడిపోయినవి. మన శ్రీరాంపూర్, నస్పూర్, ఇందారం ప్రాంతమువారికి ఇట్టి చెట్టు కంటబడగానే బొగ్గుధూళిమీదికి అనుమానం పోవుట సహజం. ధూళి ఆకులమీద పేరుకొన్నచో చెట్టుకు మేలు చేయదు, నిజమే. కాని బొగ్గు గని ముఖం ఎరుగని జిల్లాలలోకూడ వేప అట్లే ఎండినది గదా! అంతేకాదు, ఎక్కడో ఉత్తరాన డెహ్రాడూన్ లోయలోను, దక్షిణాన మైసూరు ప్రాంతములోను ఈ తెగులును శాస్త్రజ్ఞులు 1990 తరువాతి పదేండ్లలోనే గుర్తించి యున్నారు. కనుక దీనికి మూలం గనిలో లేదు, చెట్టులోనే ఉన్నది.

ఇది కొమ్మఎండు తెగులు. దీనిని కలిగించునది ఫోమాప్సిస్ అజాడిరాక్టే అను శిలీంధ్రం. మైసూరు ప్రాంతపు వేపలనుండి వేరుచేసి, 1997లో దీనికి ఈ పేరు పెట్టినారు. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు ఇది లేత కొమ్మలలో ప్రవేశించి, చివరనుండి వెనుకకు ఎండించుకొంటూ వస్తుంది. పూత మాడుతుంది, కాయ కుళ్ళుతుంది. టీ దోమ అను పురుగు దీనికి తోడు. తోటలలో జీడిమామిడి చిగుళ్ళను పాడుచేయునది ఈ జాతి పురుగే. ఇది వేప లేత చిగురులో ముట్టె గుచ్చి రసం పీల్చుతుంది. అది చేసిన గాయం శిలీంధ్రానికి తెరచిన వాకిలి అవుతుంది.

ఇక చెట్టు చచ్చినదా బ్రతికియున్నదా అను ప్రశ్న. గనిలో పనిచేయు మన అన్నదమ్ములు పైకప్పును కంటితో చూచి నమ్మరు. గడ్డపారతో తట్టి, శబ్దం విన్న తరువాతనే దానికింద అడుగు పెడతారు. చెట్టు విషయంలోకూడ ఆ బుద్ధియే కావలెను. మాడిన కొమ్మ చివరనుండి మొదలుపెట్టి, జానెడు జానెడు దూరంలో కత్తిమొనతో బెరడును కొద్దిగా గీకి చూడండి. లోపల గోధుమరంగుగా పొడిగా ఉన్నచో అంతవరకు ఎండినట్లు. పచ్చగా తడిగా కనిపించినచోట ప్రాణం ఉన్నట్లు. ఈ తెగులు సోకిన వేపలలో పెద్దకొమ్మలు, మాను సాధారణంగా పచ్చగానే ఉంటవి. అట్టి చెట్టు వానలు వెనుకబట్టిన తరువాత తిరిగి చిగిర్చుతుంది. 2021లో మాడిన చెట్లలో అనేకం మరుసటి ఏడు చిగురువేసినవి. ఆ తరువాతి వానాకాలాలలోకూడ తెగులు కనబడుతూనే ఉన్నది, చెట్లు చిగిర్చుతూనే ఉన్నవి. ఏటేటా దెబ్బతిన్న చెట్టు బలహీనపడుననుట నిజమే గాని, బలహీనుడైన రోగికి చికిత్స చేస్తాము, పాడె కట్టము గదా!

తొందరపడి కొట్టివేసినందువల్ల వచ్చే నష్టం ఒక చెట్టుతో పోదు. అమెరికా దేశపు సంగతి వినండి. అక్కడి తూర్పు అడవులలో చెస్ట్‌నట్ అను మహావృక్షాలు ఉండెడివి. ఆసియానుండి తెచ్చిన మొక్కలతోపాటు వచ్చిన ఒక శిలీంధ్రం వాటికి సోకినట్లు 1904లో న్యూయార్కు నగరపు జంతుప్రదర్శనశాలలో మొదట కనిపెట్టినారు. సుమారు 50 ఏండ్లలో దాదాపు 400 కోట్ల చెట్లు దానికి బలి అయినవని అంచనా. అంతటి తెగులులోకూడ మనుష్యులు చేసిన తప్పు ఒకటి కలదు. ఎట్లాగూ చచ్చేవే గదా అని, తెగులు ఇంకా సోకని చెట్లనుకూడ ముందుగానే నరికి కలప అమ్ముకొన్నారు. ఆ నరికిన వాటిలో తెగులును తట్టుకొనే చెట్లు ఎన్ని ఉండెడివో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? మిగిలిన ఒకటి రెండు చెట్లకోసం అక్కడివారు నేటికీ అడవులు గాలిస్తున్నారు.

మన వేప తెగులు అంత ప్రాణాంతకం కాదు. అయినను పాఠం మనకు పనికివస్తుంది. మీ ఊరిలో పది వేపలు మాడినచోట ఒకటి పచ్చగా నిలిచినదనుకొనుడు. అది పురుగు కంటబడక తప్పించుకొన్నదో, లేక పుట్టుకతోనే తట్టుకొను శక్తి కలదో ఒక్క ఏట తెలియదు. వరుసగా మూడు నాలుగు వానాకాలాలు గమనించినచో తెలుస్తుంది. కనుక నా సూచన ఇది: అట్టి చెట్టు మానుకు సున్నంతో ఒక పట్టె వేయండి. ఏ ఏడు పచ్చగా ఉన్నదో పంచాయతీ పుస్తకంలో ఒక పంక్తి వ్రాయించండి. ఖర్చు దోసెడు సున్నం మాత్రమే. రేపు మంచి విత్తనం కావలెనన్నచో ఆ చెట్టే మనకు ఆధారం. అది కట్టెల దుకాణం చేరినదో, ఇక ఏ శాస్త్రజ్ఞుడును తిరిగి తేలేడు.

మాడిన చెట్టుకు చేయదగిన చికిత్స చాలవరకు మన చేతిలో ఉన్నది. వానలు ఆగిన పొడి దినాలలో, చేతికి అందినంతవరకు ఎండు కొమ్మలను నాలుగైదు అంగుళాల పచ్చిభాగంతో కలిపి కోసివేయండి. కోసిన రెమ్మలను చెట్టుకింద వదలక కాల్చివేయండి. కోసిన పెద్ద గాయాలకు బోర్డో పేస్టు పూయండి. ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం వేరువేరుగా కరగించి, మొత్తం 10 లీటర్లు అగునట్లు కలిపినచో ఆ పేస్టు తయారవుతుంది. ఇనుప పాత్ర వాడరాదు. మొదలు చుట్టూ పాదు చేసి, ఎండాకాలంలో నీరు పోయండి. మానుచుట్టూ సిమెంటు గచ్చు పోసియున్నచో దానిని కొంత పగులగొట్టి, వేరుకు గాలి, నీరు అందనీయండి.

మందుల సంగతి. శిలీంధ్రనాశనులు, పురుగుమందులు లేకపోలేదు. నర్సరీ మొక్కలకు, లేత చెట్లకు వ్యవసాయ విస్తరణాధికారి చెప్పిన మోతాదులో వాడవచ్చును. కాని ఊరి నడుమ 40 అడుగుల వేపమీద విషపు మందు పిచికారీ చేయించుట నాకు సమ్మతం కాదు. ఆ చెట్టుకింద పిల్లలు ఆడుతారు, పెద్దలు పడుకొంటారు. ఉదయాన పండ్లపుల్ల ఆ చెట్టుదే, మేకలకు వేసే రెమ్మ ఆ చెట్టుదే. తెగులుకంటె మందే ఎక్కువ కీడు చేయునట్టి చోట ఓర్పే మందు.

అట్లని ప్రతి ఎండు చెట్టును దాచుకొనుమని నేను చెప్పుట లేదు. తుమ్మ, సుబాబుల్, సరుగుడు వంటి చెట్ల మొదట గట్టి విసనకర్రవలె పుట్టగొడుగు లేచి, చెట్టు అంతయు ఒకేమారు వడలినచో అది గనోడెర్మా అను వేరుకుళ్ళు తెగులు. అది వేళ్ళద్వారా ప్రక్క చెట్టుకు పాకుతుంది. అక్కడ ఆలస్యం తగదు. ఆ చెట్టును వేళ్ళతో పెకలించి, చుట్టూ కందకం త్రవ్వవలెను. చివరనుండి ఎండునది ఒకటి, మొదటనుండి చచ్చునది మరొకటి. ఈ భేదం తెలిసినవాడే గొడ్డలి పట్టవలెను. ఏ చెట్టు కొట్టుటకైనను 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం క్రింద అనుమతి అవసరమేమో ముందు విచారించుకొనవలెను.

గ్రామాధికారులకు ఒక మాట. 2015లో హరితహారం ప్రారంభమైనది. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతికించవలెనని నిర్దేశించినది. లెక్క సరిపోవుట ముఖ్యమే. ఏ విత్తనంతో పెంచిన మొక్క అనునది అంతకంటె ముఖ్యం. ఈ శిలీంధ్రం విత్తనంద్వారాకూడ పోతుంది. మాడిన చెట్టుకింద ఊడ్చిన గింజను నర్సరీకి తెచ్చినచో తెగులును మనమే సంచులలో పోసి పెంచి, ఇంటింటికి పంచినట్లు అవుతుంది. సున్నపు పట్టె వేసిన చెట్టునుండి పండిన కాయలు ఏరించి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, వెంటనే విత్తండి. వేపగింజకు మొలకశక్తి కొద్ది వారాలే ఉంటుంది.

బాట పొడుగునా, మట్టిదిబ్బ పొడుగునా ఒకే జాతి నాటుటకూడ మంచిది కాదు. గనులు త్రవ్విపోసిన గుట్టలమీద గాని, పొలం గట్లమీద గాని, జామాయిలే జామాయిలు, వేపే వేప అన్నట్లు ఉన్నచో ఒక తెగులుకు అది పరచిన విస్తరి. వేప ప్రక్కన కానుగ, దాని ప్రక్కన నేరేడు, ఆపైన చింత, ఇప్ప ఉండనీయండి. ఒకదానికి జ్వరం వచ్చినప్పుడు మిగిలినవి నీడ ఇస్తవి.

వేపపూత లేనిదే మనకు ఉగాది లేదు, వేపరెమ్మ లేనిదే బోనం లేదు. వేపగింజల కషాయం, వేపపిండి మన పైరుకు అండ. గింజలు ఏరి అమ్ముకొను అక్కచెల్లెండ్రకు ఎండాకాలపు చేతిఖర్చు అందులోనే ఉన్నది. ఇన్నేండ్లు మన పంటల తెగుళ్ళను, మన ఇండ్ల రోగాలను కాచిన చెట్టుకు ఇప్పుడు తెగులు వచ్చినది. ఎండినది చూచి కట్టె బేరగాడు మీ వాకిట నిలిచినచో అతనికి చెప్పవలసిన మాట ఒకటే: “వచ్చే ఉగాది దాక ఆగి చూస్తాము.” ఆ లోపల కత్తిమొనతో బెరడు గీకి చూడండి. పచ్చదనం కనబడినచో గొడ్డలి ఇంటిలోనే ఉండనీయండి.