లేని వరుసయు, సున్నయు

డేటాబేసు నందలి వర్షపు పట్టికలో వాన కురిసిన దినములకే వరుసలు వ్రాసిరనుకొందము. 30 దినముల నెలలో అట్టి వరుసలు 10; మొత్తము వాన 120 మిల్లీమీటరులు. దినమునకు సగటెంత యని యంత్రము నడిగిన 12 అని చెప్పును. లేని వరుసను అది యెరుగదు. కావున నెలలోని తేదీలన్నియు గల పట్టిక నొకదానిని ముందుంచి, వానపట్టికను 'లెఫ్ట్ జాయిన్'తో దానికి చేర్పవలెను. అప్పుడు 30 వరుసలును వచ్చును. వాన వ్రాయని తేదీల యెదుట 'నల్' నిలుచును. అయినను సగటు 12 గానే యుండును, ఏలయన ఎస్.క్యూ.ఎల్. భాషలో సగటు కట్టునపుడు 'నల్'లు లెక్కకు రావు. 'కోయలెస్' అను ప్రమేయముచే వానికి బదులు సున్న లుంచిననే గాని 4 రాదు.

ఇంతవరకు పేచీ లేదు. ఆ సున్నలను విచారింపక పెట్టు వాడుకనే మేము మెచ్చము. వాన కురియకుండుట వేరు, కొలువకుండుట వేరు. కొలుచువాడు 5 దినములు రాకపోయియుండిన, సగటును 25 దినములకే కట్టవలెను, అది 4.8 అగును. పరీక్షకు రాని బాలునికి గైరుహాజరని వ్రాయక సున్న మార్కులు వేసినచో వాని తండ్రి యూరకుండునా?

ప్రశ్న యడుగునపు డుంచిన సున్నను మరల మార్చుకొనవచ్చును. పట్టికలోనే సున్న వ్రాసిన పిదప, ఏది కొలిచినదో ఏది పూరించినదో తెలియు దారి లేదు. ఆ దినమున కొలిచిరా, లేదా యని తెలుపు గడి యొకటి మొదటనే పెట్టవలెనని మా యభిప్రాయము. పట్టిక పెరుగునందురేమో, ఏడాదికి 365 వరుసలు యంత్రమునకు బరువా?