తప్పు చేతిదా, ములికిదా?

విలువిద్య నేర్చుకుంటున్న ఓ పదమూడేళ్ల పిల్లవాడి బాణాలు ప్రతిసారీ గురికి ఎడమ పక్కనే పడుతున్నాయనుకుందాం. చుట్టూ ఉన్నవాళ్లు చెప్పేది ఒకటే మాట: “చెయ్యి కదులుతోంది, నిలకడగా పట్టు.” పిల్లవాడు మరో వంద బాణాలు వేస్తాడు. అవీ అక్కడే పడతాయి. నిజానికి చేతిలో నిలకడ లేకపోతే బాణాలు తలో దిక్కూ చెదిరిపోవాలి. అన్నీ ఒకేచోట గుంపుగా పడుతున్నాయంటే లోపం ప్రతిసారీ ఒకేలా పనిచేస్తోందని అర్థం. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఇలాంటి ఫలితం వస్తే ముందుగా పరికరాన్ని అనుమానిస్తారు. విలువిద్య మైదానంలో మాత్రం ముందుగా పిల్లవాడినే అనుమానిస్తారు. ఈ అలవాటు మారాలి.

మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. జాతీయ పోటీల్లో ‘ఇండియన్ రౌండ్’ అనే ప్రత్యేక విభాగం ఉంది. వెదురు విల్లు, కర్ర లేదా వెదురు బాణాలతో ఆడే విభాగమిది. ఖరీదైన రికర్వ్, కాంపౌండ్ విల్లులు కొనలేని కుటుంబాల పిల్లలకు ఈ క్రీడలోకి తొలి మెట్టు ఇదే. రాజస్థాన్ ఆదివాసీ కుటుంబంలో పుట్టి వెదురు విల్లుతో మొదలుపెట్టిన లింబా రామ్ 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. ఝార్ఖండ్‌కు చెందిన దీపికా కుమారి తొలి విల్లు కూడా వెదురుదే. మన ఏజెన్సీ ప్రాంతాల కోయలకు, కొండరెడ్లకు, నల్లమల చెంచులకు విల్లు తరతరాల తోడు. తొలి మెట్టు మీదే బాణం కుదరక వెనుదిరిగిన పిల్లల లెక్క ఏ పట్టికలోనూ కనిపించదు.

బాణం కుదరడం, కుదరకపోవడం చాలావరకు ములికి బరువు మీద ఆధారపడి ఉంటుంది. ఎందుకో తెలియాలంటే బాణం విల్లును దాటే క్షణాన్ని చూడాలి. నారి విల్లు మధ్యకు దూసుకొస్తుంది. బాణం మాత్రం విల్లు పిడికి ఒక పక్కన ఆనుకుని ఉంటుంది. ఆ లెక్కన అది పక్కకు పోవాలి, కానీ నేరుగా గురికే వెళుతుంది. ఈ వింతను ‘ఆర్చర్స్ పారడాక్స్’ అంటారు. క్లారెన్స్ హిక్‌మన్, పాల్ క్లాప్‌స్టెగ్ వంటి భౌతిక శాస్త్రవేత్తలు అతివేగంగా తీసిన చిత్రాలతో ఆ ముడి విప్పారు. వదిలిన క్షణంలో బాణం చేపలా మెలికలు తిరుగుతుంది. విల్లు పిడిని చుట్టుకున్నట్టుగా వంగి, మళ్లీ అటువైపు వంగి, దానికి తగలకుండా తప్పుకుని పోతుంది.

ఎంత వంగాలన్నదే అసలు సంగతి. చీపురుపుల్లను నేలమీద నిలబెట్టి పైనుంచి వేలితో నొక్కితే నడుమ వంగుతుంది. బాణం విషయంలో నారి ఆ వేలు, ములికి ఆ నేల. నారి వెనకనుంచి తోస్తుంటే, బరువైన ములికి తన జడత్వంతో ముందునుంచి మొరాయిస్తుంది. మధ్యలో చిక్కుకున్న కాడ వంగుతుంది. ములికి బరువు పెరిగితే వంపు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. అంటే కాడను ముట్టుకోకుండానే, ములికిని మార్చి దాన్ని మెత్తగానో బిర్రుగానో ప్రవర్తించేలా చేయవచ్చు.

కాడ బిగువును ‘స్పైన్’ అంటారు. కర్ర బాణాలకు దాన్ని కొలిచే పాత పద్ధతి చాలా తేలిక. 26 అంగుళాల ఎడంలో ఉన్న రెండు ఆధారాల మీద కాడను ఉంచి, నడుమ 2 పౌండ్ల బరువు, అంటే సుమారు 907 గ్రాములు, వేలాడదీయాలి. కాడ ఎన్ని అంగుళాలు కుంగిందో చూసి, 26ను ఆ సంఖ్యతో భాగించాలి. 0.52 అంగుళం కుంగితే బిగువు 50 పౌండ్లు. ఇది కదలకుండా ఉన్న కాడ బిగువు. ఎగిరే బాణం బిగువును దీనితోపాటు కాడ పొడవు, ములికి బరువు, విల్లు బలం కలిసి తేలుస్తాయి.

కుడిచేతి వాటం వారు నారిని మూడు వేళ్లతో లాగి, బాణాన్ని విల్లుకు ఎడమ పక్కన ఉంచుతారు. అలా వేసినప్పుడు మరీ బిర్రుగా ఉన్న బాణం ఎడమకు, మరీ మెత్తనిది కుడికి పడుతుంది. ఎడమచేతి వాటం వారికి ఇది తారుమారు. నారిని బొటనవేలితో లాగే ఆసియా సంప్రదాయంలో బాణం విల్లుకు కుడి పక్కన ఉంటుంది కాబట్టి, అక్కడా దిక్కు మారుతుంది. బాణాలు ఎడమకే పడుతున్న కుడిచేతి వాటం పిల్లవాడికి మందలింపు కన్నా ముందు కాస్త బరువైన ములికి ఇచ్చి చూడాలి.

అలాగని బరువు ఊరికే రాదు. ఒక బాణాన్ని తీసుకుందాం: కాడ 23 గ్రాములు, ఈకలు, తోక కలిపి 2 గ్రాములు, ములికి 8 గ్రాములు, మొత్తం 33. ములికిని 10 గ్రాములకు పెంచితే మొత్తం 35 అవుతుంది. విల్లు రెండింటికీ ఒకే శక్తిని ఇస్తుందనుకుంటే వేగం దాదాపు 3 శాతం తగ్గుతుంది. మొదటి బాణం సెకనుకు 45 మీటర్ల వేగంతో పోతుంటే, గాలి నిరోధాన్ని పక్కనపెట్టి చూస్తే, 30 మీటర్ల దూరంలో రెండోది సుమారు 13 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. బరువు పెరిగితే విల్లు నుంచి బాణానికి కాస్త ఎక్కువ శక్తి చేరుతుంది కాబట్టి, వాస్తవంలో ఆ తేడా కొంత తగ్గుతుంది. అయినా గురి పెట్టే ఎత్తును సరిచూసుకోక తప్పదు. లాభమూ ఉంది. 71 సెంటీమీటర్ల ఆ బాణం తూకం నిలిచే చోటు నడిమధ్య నుంచి ముందుకు సుమారు 7 సెంటీమీటర్లు ఉన్నది 8.5కి జరుగుతుంది. ముందు భాగం బరువుగా ఉన్న బాణాన్ని వెనకనున్న ఈకలు త్వరగా దారిలో పెడతాయి.

ఈ పనిలో తరచూ జరిగే పొరపాటు అన్నింటినీ ఒకేసారి మార్చేయడం. ములికి మార్చి, కాడ కోసి, నారి బిగించి చూస్తే, ఫలితం దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. కాడను కోస్తే బిర్రవుతుంది, కానీ కోసిన ముక్కను తిరిగి అతికించలేం. ములికిని మాత్రం వేడి చేసి జిగురు కరిగించి తీయవచ్చు, కర్ర కాలకుండా చూసుకుంటే చాలు. అందుకే ములికితోనే మొదలుపెట్టాలి. అంతకన్నా ముందు కాడలను తూచి, బిగువు కొలిచి, దగ్గరదగ్గరగా ఉన్నవాటిని ఒక జట్టుగా ఏరుకోవాలి. ఒకే చెట్టు కర్రయినా రెండు కాడలు ఒకేలా ఉండవు. వానాకాలపు తేమకు కర్ర మెత్తబడుతుంది కూడా. వేసే ముందు ప్రతి కాడనూ కాస్త వంచి పగుళ్లు లేవని చూసుకోవాలి. పగిలిన కాడ చేతిలోకే దిగవచ్చు.

ఈ వాదనకు అభ్యంతరాలు లేకపోలేదు. అడవిలో బాణం చేసే పెద్దాయనకు ఏ తూకమూ, లెక్కా అవసరం రాలేదు కదా అంటారు కొందరు. ఆయనా కొలుస్తాడు. కాడను వేళ్ల మధ్య వంచి బిగువు చూస్తాడు, వేలిమీద నిలబెట్టి బరువు ఎటు మొగ్గుతోందో పసిగడతాడు. తేడా అల్లా, ఆ కొలత ఆయన వేళ్లలో ఉంటుంది. పక్కన కూర్చుని నేర్చుకునేవారు లేకపోతే ఆయనతోనే పోతుంది. ఆ జ్ఞానాన్ని గ్రాముల్లో, అంగుళాల్లో రాసుకుంటే దాని గౌరవం తగ్గదు, ఆయుష్షు పెరుగుతుంది.

ఎలాగూ కార్బన్ బాణాలకు మారాల్సినవాళ్లే కదా, కర్రతో ఇంత శ్రమ ఎందుకన్నది మరో మాట. కార్బన్ బాణానికీ ఇదే భౌతిక సూత్రం వర్తిస్తుంది. అంతకుమించి, కర్ర బాణంతో మార్కులు తెచ్చుకోలేని పేదింటి పిల్లకు కార్బన్ బాణం అందే దారే ఉండదు.

ప్రతి లోపాన్నీ పరికరం మీదకు నెట్టడం అలవాటవుతుందన్న శిక్షకుల భయంలో మాత్రం నిజముంది. అందుకే బాణాలు చెదిరిపోతున్నప్పుడు సాధనే మందు. గుంపు కుదిరి, ఆ గుంపు గురి తప్పినప్పుడే ములికి జోలికి వెళ్లాలి.

దీనికయ్యే ఖర్చు తక్కువే. గ్రాములో పదో వంతు చూపే చిన్న డిజిటల్ తూకం, రెండు మేకులు కొట్టిన చెక్క, ఒక స్కేలు, మూడు రకాల బరువుల ములికులు, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. ఇండియన్ రౌండ్ నేర్పే ప్రతి కేంద్రంలోనూ ఇవి ఉండాలి. ఆ ఊరి బడిలోని సైన్సు టీచరు వారానికి ఒక గంట అక్కడ గడిపితే జడత్వం, వంపు, గురుత్వ కేంద్రం పాఠాలు పిల్లల చేతుల్లోనే తయారవుతాయి. ఏ రోజు, ఏ బరువుకు, బాణం ఎటు పడిందో పిల్లలే రాసుకోవాలి. మన పిల్లలు గురి చూడటం ఎప్పుడో నేర్చుకున్నారు. వాళ్లకు సరిపోయే బాణాన్ని తూచి ఇవ్వడం మనం నేర్చుకోవాలి.