డబ్బా విప్పేకాడ తెలుస్తది

పొద్దున ఉప్పల్ చౌరస్తాలో నిలబడి చూస్తే అందరూ కార్మికులే. నల్లగొండ, వరంగల్ దిక్కునుంచి బతకొచ్చినోళ్లు, చిలకానగర్, రామంతాపూర్ కిరాయి గదుల్లోంచి ఉరికొచ్చినోళ్లు ఒకే బస్సులో ఒకే రాడ్డు పట్టుకొని వేలాడుతుంటారు. నాచారం కార్ఖానాల గేట్ల దాకా ఎవరి కులమేందో పైకి కనబడదు. మధ్యాహ్నం బెల్లు కొట్టినంక చూడండి!

చెట్టు కింద ఒక గుంపు. మిషన్ల వెనుక ఇంకో గుంపు. సూపర్వైజర్లది వేరే గది. ఊడ్చే అక్క, మోరీలు సాపు చేసే అన్న మాత్రం సైకిల్ స్టాండు పక్కన. అక్కడ కూచోమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, బోర్డు పెట్టలేదు. ఊళ్లో వాడ ఏ దిక్కున ఉండాలో బోర్డు చూసి తెలుసుకున్నామా?

"మాకు అసొంటి పట్టింపుల్లేవు, ఎవరి అలవాటు వాళ్లది" అంటాడు మేనేజరు. యూనియన్ లీడరూ అదే మాట అంటాడు. బోనస్ కాడ కొట్లాడుకునే ఈ ఇద్దరూ ఈ ఒక్క ముచ్చటలో ఎట్లా ఏకమైతున్నారు?

గుంపు అన్నం కాడికే ఆగితే మనకు ఇంత రాసే పని లేదు. ఓటీ ఎవరికి రాయాలి, కొత్త మిషన్ ఎవరికి నేర్పాలి, ఏ హెల్పర్ని ఆపరేటర్ చేయాలి అనేది కూడా ఆ డబ్బాల కాడనే తేలుతున్నది. కొత్త పిల్లగాడు చేరితే మొదటి ప్రశ్న "ఏ ఊరు?" రెండోది "ఇంటిపేరేంది?" మూడోది అడిగే అవసరం పడదు. వాడు చెట్టు కిందికి పోవాలో, సైకిల్ స్టాండు కాడికి పోవాలో అప్పటికే ఖరారైపోతది.

ఇది ఇయ్యాల పుట్టిన రోగం కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో కూలి ఎక్కువొచ్చే నేత ఖాతాలోకి అంటరానోళ్లను రానియ్యలేదు. అక్కడ దారాన్ని నోటితో తడపాల్సి వస్తది, మైలపడతామన్నారు! అన్నది తోటి కార్మికులే. 1928 సమ్మె రోజుల్లో అంబేడ్కర్ ఈ సంగతిని నిలదీశాడు. 1938లో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో, పెట్టుబడిదారీతో పాటు బ్రాహ్మణ్యం కూడా కార్మికుడి శత్రువేనని చెప్పాడు. ఎర్రజెండా నాయకులు మొదటి శత్రువును పట్టుకున్నారు. రెండోవాణ్ని పక్కన కూచోబెట్టుకొని అన్నం తింటున్నారు.

మన సంగతీ చెప్పుకోవాలె. పర్మినెంటైన మనోడు చెట్టు కింద గుంపులో ఇంత జాగా కోసం ఊరిపేరు దాస్తడు. ఊడ్చే చిన్నమ్మ ఎదురుపడితే తల తిప్పుకుంటడు. మాల డబ్బా ఒక దిక్కు, మాదిగ డబ్బా ఇంకో దిక్కు. అతని భయం మనకు తెలవనిది కాదు. కానీ దాక్కున్నోని ఓటీ కోసం ఎవరు అడుగుతరు?

1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, దళితుల్ని సాంఘికంగా వెలివేయడాన్ని నేరంగా చేర్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్ ఉండాలన్నది. 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన కొత్త కోడ్ కాంట్రాక్టోళ్లను కూడా లెక్కలో కలిపి 100 మందికే ఉండాలంటున్నది. సరే, బల్లలు వస్తాయి. సైకిల్ స్టాండు కాడున్న అక్కను ఆ బల్ల కాడికి పిలిచేదెవరు?

యూనియన్లను అడుగుతున్నాం: ఊడ్చే కాంట్రాక్టు కార్మికుల పేర్లు మీ సభ్యత్వ పుస్తకంలో ఉన్నాయా? ఓటీ జాబితాను నోటీసు బోర్డు మీద అంటించమని గేట్ మీటింగులో ఎన్నడన్నా అడిగారా?

మనోళ్లకు చెప్పేది ఒక్కటే. రేపు బెల్లు కొట్టంగనే డబ్బా పట్టుకొని సైకిల్ స్టాండు దిక్కు నడువండి. ఆ అక్క పక్కన కూచొని విప్పండి. చెట్టు కింద నుంచి ఎవరు లేచి వస్తరో, ఎవరు మొఖం తిప్పుకుంటరో చూద్దాం. ఎవరు మనోళ్లో ఆ అరగంటలో తెలుస్తది.