మాట ముందా, లెక్క ముందా?

మలేసియాలోని కెలంతాన్ రాష్ట్రంలో పెర్గావు జలవిద్యుత్ కేంద్రానికి బ్రిటన్ తన విదేశీ సాయం బడ్జెట్ నుంచి 23.4 కోట్ల పౌండ్లు కేటాయించింది. అది పేదల కోసం పక్కన పెట్టిన సొమ్ము. వద్దని బ్రిటన్ విదేశీ సాయం శాఖలోని ఆర్థికవేత్తలు ముందే చెప్పారు. మలేసియాకు సొంత సహజవాయువు ఉంది, గ్యాస్ టర్బైన్లు పెట్టుకుంటే కరెంటు చౌకగా వస్తుంది, డ్యామ్ కడితే అక్కడి వినియోగదారులపై 35 ఏళ్లలో 10 కోట్ల పౌండ్లకు పైగా అదనపు భారం పడుతుందని లెక్క తేల్చారు. అయినా 1991లో సాయం ఖాయమైంది.

కారణం, లెక్క కంటే మాట ముందు వెళ్లింది. 1988లో రెండు దేశాల మధ్య దాదాపు 100 కోట్ల పౌండ్ల ఆయుధాల అమ్మకానికి అవగాహన కుదిరింది. ఆ అవగాహన నీడలోనే మరుసటి ఏడాది మార్చిలో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ మలేసియా ప్రధానికి డ్యామ్ సాయంపై నోటిమాట ఇచ్చారు. అప్పుడు గుత్తేదారులు చెప్పిన ఖర్చు 31.6 కోట్ల పౌండ్లు. కొద్ది వారాల్లోనే అది 39.7 కోట్లయింది. ఆ తరువాత నిపుణులు ఎంత గట్టిగా చెప్పినా ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. ఇచ్చిన మాట తప్పితే పరువు పోతుందన్నదే దాని వాదన.

ఆ శాఖ కార్యదర్శి టిమ్ లాంకెస్టర్ స్వయంగా ఆర్థికవేత్త. ప్రజాధనానికి జవాబుదారీ అధికారిగా ఈ ఖర్చుకు ఒప్పుకోలేనని, చేయాల్సిందేనంటే లిఖితపూర్వకంగా ఆదేశించమని అడిగారు. విదేశాంగ మంత్రి డగ్లస్ హర్డ్ ఆదేశం ఇచ్చారు. ఆ కాగితం డ్యామ్‌ను ఆపలేదు. కానీ ఎవరు వద్దన్నారో, ఎవరు కానిమ్మన్నారో రికార్డులో నిలిచింది. ఆడిట్ విభాగం తప్పుబట్టింది, ఒక స్వచ్ఛంద సంస్థ కోర్టుకు వెళ్లింది, 1994లో హైకోర్టు ఆ సాయం చట్టవిరుద్ధమని తేల్చింది. పేదరిక నిర్మూలనే సాయం లక్ష్యమని 2002లో చట్టం వచ్చింది. నిపుణుల సలహాకు నిజమైన బలం లిఖితపూర్వక ఆదేశం అడిగే ఇలాంటి ఏర్పాటులోనే ఉందని నా నమ్మకం.

మనకూ ఈ అనుభవం ఉంది. 1980ల్లో బ్రిటన్ సాయం కిందే వెస్ట్‌ల్యాండ్ కంపెనీ హెలికాప్టర్లు 21 భారత్‌కు వచ్చాయి. అప్పుడు కష్టాల్లో ఉన్నది ఆ కంపెనీ, అవసరం దానిది. కొన్నేళ్లకే అవి ఎగరడం మానేశాయి.

లెక్కను ముందు పెట్టిన ఉదాహరణా ఉంది. అమెరికా సాయం సంస్థ యూఎస్ఎయిడ్ రువాండాలో ఒక పోషకాహార కార్యక్రమాన్ని, అంతే ఖర్చుతో కుటుంబాలకు నేరుగా నగదు ఇవ్వడాన్ని పక్కపక్కన పెట్టి పరీక్షించింది. పిల్లల ఎదుగుదలలో రెండూ చెప్పుకోదగ్గ మార్పు తేలేకపోయాయి. సొంత పథకాన్నే ఇలా కొలతకు పెట్టుకోవడం అరుదైన ధైర్యం. 2022లో ఆ సంస్థ ముఖ్య ఆర్థికవేత్తగా వచ్చిన డీన్ కార్లన్ ఖర్చుకు తగ్గ ఫలితాన్ని కొలిచే పద్ధతిని విస్తరించారు. 2025లో కొత్త ప్రభుత్వం సంస్థనే కూల్చేయడంతో ఆయన రాజీనామా చేశారు.

ఇప్పుడు భారత్ కూడా దాత. 2012లో విదేశాంగ శాఖలో అభివృద్ధి భాగస్వామ్య విభాగం ఏర్పడింది. ఎగ్జిమ్ బ్యాంక్ ద్వారా ఆఫ్రికా, పొరుగు దేశాలకు రుణాలు వెళ్తున్నాయి. అందుకే ఇక్కడా ప్రధాని పర్యటనలో ప్రకటన వెలువడే ముందే ఆర్థిక మదింపు పూర్తి కావాలి. దాన్ని కాదని నిర్ణయం తీసుకుంటే మంత్రి రాతపూర్వకంగా కారణం చెప్పాలి. ఆ కాగితం పార్లమెంటు ముందుకు రావాలి.